మాలా-ఎన్: ఏళ్లుగా వాడాక, నెలసరి ఎలా మారుతుందో ఒక సమీక్ష

పీహెచ్‌సీలోనూ ఆశా కార్యకర్తల దగ్గరా దొరికే గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్. ఇదే మందు మెడికల్ షాపులో మాలా-డి పేరుతో తక్కువ ధరకు వస్తుంది. ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి ముందే చెప్పేస్తా: డేట్‌ని క్యాలెండర్ ప్రకారం నడపడంలో దీనికి వంక పెట్టలేం. నా ఫిర్యాదల్లా మొదటి మూడు నెలల మీద, మాత్రలు చేతిలో పెట్టేటప్పుడు ఎవరూ విడమరిచి చెప్పని కొన్ని సంగతుల మీద.

షీటులో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి. ఒక్కోదానిలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే హార్మోన్లు. మిగతా 7 గోధుమరంగువి, వాటిలో హార్మోనే లేదు, ఉన్నది 60 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఫ్యూమరేట్, అంటే ఐరన్. తెల్లవి వేసుకుంటున్నన్నాళ్లూ మామూలుగా అండం విడుదల కాదు, గర్భసంచి లోపలి పొర కూడా పలుచగానే ఉండిపోతుంది. ఐరన్ మాత్రల్లోకి రాగానే హార్మోన్ అందక ఆ పొర ఊడి వస్తుంది. చివరి తెల్ల మాత్ర అయిన రెండు నుంచి నాలుగు రోజుల్లో కనపడే రక్తం అదే. అది అండం విడుదలయ్యాక వచ్చే అసలు నెలసరి కాదు, మందు ఆగినందుకు వచ్చే రక్తస్రావం.

పొర పలుచన కాబట్టి ఊడేదీ తక్కువే. ఐదారు రోజులు పోయేది మూడు నాలుగు రోజుల్లో తేలిపోతుంది, రంగు కూడా ఎర్రగా కాక కాఫీపొడి రంగులో ఉండొచ్చు. చెడు రక్తం లోపలే నిలిచిపోతోందని భయపెట్టేవాళ్లుంటారు. నిలవడానికి అక్కడ పేరుకున్నదేమీ లేదు. ఆ పొరలో తయారై గర్భసంచిని బిగించి నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తగ్గుతాయి కనుక కడుపునొప్పి కూడా బాగా తగ్గుతుంది. విరేచనం నల్లగా అయితే అది ఐరన్ వల్ల, కంగారు అక్కర్లేదు.

మొదటి రెండు మూడు షీట్లు మాత్రం ఓపికకు పరీక్షే. తెల్ల మాత్రలు నడుస్తుండగానే మధ్యలో మరకలు పడతాయి. చాలామంది పడట్లేదనుకుని అక్కడే ఆపేస్తారు. షీటు మధ్యలో ఆపితే రక్తస్రావం ఎక్కువవుతుంది, రక్షణా పోతుంది. రోజూ ఒకే వేళకు, ఉదాహరణకు రాత్రి భోజనం కాగానే, వేసుకుంటూ పోతే మూడో నెల దాటేసరికి చాలామందికి సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే కారణం వెతకాలి. వేళ తప్పడం, వాంతులు, టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫినైటాయిన్, కార్బమజెపిన్ వంటివి మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతయితే ఇంకొకటి వేసుకోవాలి. అందుకే ఇంట్లో ఒక షీటు అదనంగా ఉంచుకోవడం మంచిది.

మర్చిపోవడం సంగతికొస్తే, అందరూ షీటు మధ్యలో ఒకటి తప్పితే గాభరా పడతారు. అది పెద్ద విషయం కాదు: గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది ఆ వేళకు వేసుకుంటే సరి. రెండు వరసగా తప్పితే, గుర్తొచ్చాక ఒకటి వేసుకుని రోజూ కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలి. ఇది మూడో వారంలో జరిగితే తెల్లవి పూర్తిచేసి, ఐరన్ మాత్రలు వదిలేసి నేరుగా కొత్త షీటులోకి వెళ్లాలి. అన్నిటికంటే ప్రమాదం కొత్త షీటు ఆలస్యం కావడం. అప్పటికే ఏడు రోజులు హార్మోన్ లేకుండా గడిచింది, ఇంకో రెండు మూడు రోజులు దాటితే అండాశయం మళ్లీ పని మొదలెడుతుంది. రక్తం ఆగాక మొదలుపెడదాంలే అని చూడకూడదు. 28వ మాత్ర అయిన మర్నాడే, రక్తం పోతున్నా సరే, కొత్త షీటు తెరవాలి. ఐరన్ మాత్ర తప్పితే మాత్రం రక్షణకు వచ్చే లోటేమీ లేదు.

ఒక నెల రక్తమే కనపడకపోతే? ఒక్క మాత్రా తప్పకుండా వేసుకుని ఉంటే సాధారణంగా పొర మరీ పలుచనైందని అర్థం. మాత్రలు తప్పినా, వరసగా రెండు షీట్లు అలాగే గడిచినా గర్భం కోసం మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

వ్రతమో, తిరుమల ప్రయాణమో, ఇంట్లో పెళ్లో ఉందనుకోండి. ఈ మాత్ర వాడేవాళ్లకు వేరే మందు అక్కర్లేదు, ఐరన్ మాత్రలు వదిలేసి కొత్త షీటు మొదలుపెడితే డేట్ వాయిదా పడుతుంది, మహా అయితే కొద్దిగా మరకలు. వాయిదా కోసం షాపుల్లో అడిగి తెచ్చుకునే నోరెథిస్టెరాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేరు, దాన్ని గర్భనిరోధకంగా నమ్ముకోకూడదు.

హార్మోన్ పడనివాళ్లకు పీహెచ్‌సీలోనే దొరికే హార్మోన్ లేని గర్భనిరోధక మాత్ర ఛాయా ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) తయారుచేసిన మందు, 1991 నుంచి సహేలీ పేరుతో తెలిసిందే. డేట్ వచ్చిన మొదటి రోజున ఒకటి, మూడు రోజులాగి ఇంకొకటి (ఆదివారం మొదలైతే బుధవారం), ఇలా మూడు నెలలు వారానికి రెండు, ఆపై వారానికి ఒకటి. ఇది అండాన్ని ఆపదు కాబట్టి వచ్చేది సొంత నెలసరే, కానీ తక్కువ పడటం, ఆలస్యం కావడం మామూలు. రావాల్సిన డేట్ దాటి 15 రోజులైనా రాకపోతే గర్భం పరీక్ష చేసుకోవాలి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాక డేట్ గతి తప్పే సమస్య) ఉన్నవాళ్లకు ఛాయా ఇవ్వరు. పాలిచ్చే తల్లులకు ఇది పనికొస్తుంది, బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు మాలా-ఎన్ పనికిరాదు.

బీపీ 140/90 దాటినవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు, గతంలో రక్తం గడ్డకట్టినవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు మాలా-ఎన్ జోలికి పోకూడదు. వాడుతుండగా పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా, చూపు మసకబారినా మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఆపాక చాలామందికి ఒకటి నుంచి మూడు నెలల్లో సొంత నెలసరి మొదలవుతుంది. డేట్ రాకముందే అండం విడుదలవుతుంది కాబట్టి ఆపిన వారాల్లోనే గర్భం రావచ్చు. ముందునుంచీ పీసీఓఎస్‌తో రెండు మూడు నెలలకోసారి వచ్చేవాళ్లు, మాత్ర మీద నెలనెలా వచ్చింది కదా తగ్గిపోయిందనుకుంటారు. తగ్గలేదు, ఆపగానే పాత తీరే తిరిగొస్తుంది. మూడు నెలలైనా డేట్ రాకపోతే ముందు గర్భం పరీక్ష, తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పరీక్షల కోసం గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.