మహీంద్రా థార్‌లో ఎయిర్ కంప్రెసర్: హనుమకొండలో ఒకసారి, వరంగల్‌లో ఒకసారి బిగించిన అనుభవం

మంగపేట వైపు గోదావరి ఒడ్డున మాకు మిరప చేలు ఉన్నాయి. హనుమకొండ నుంచి ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా వంద కిలోమీటర్లకు పైగా తారురోడ్డు ఉంటుంది. చివర ఒక వాగు ఇసుక, దాని అవతల నల్లరేగడి బాట. తారురోడ్డు మీద నేను టైర్లలో 32 పీఎస్ఐ గాలి ఉంచుకుంటాను. అదే గాలితో వాగులోకి దిగితే బండి ఇరుసుల దాకా కూరుకుపోతుంది. 18కి దింపితే టైరు అడుగుభాగం పొడవుగా పరుచుకుని, బండి బరువు ఎక్కువ మేర ఇసుక మీద పంచుకుపోయి, రెండో గేరులో తాపీగా దాటేస్తుంది. గాలి దింపడానికి చిన్న పుల్లముక్క చాలు. ఎక్కించడమే కష్టం. 18 పీఎస్ఐతో తారురోడ్డెక్కి వేగంగా పోతే టైరు పక్కగోడలు వంగి వంగి వేడెక్కుతాయి. ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి టైరు పగిలే ప్రమాదం ఉంది. గాలి కొట్టే షాపు దాకా మెల్లగా పాకించుకుంటూ వెళ్లే బాధ రెండేళ్లు పడ్డాక, బండిలోనే కంప్రెసర్ బిగించుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఈ సమీక్ష యంత్రం గురించి తక్కువ, బిగింపు గురించి ఎక్కువ. ఒకే కంప్రెసర్‌ను ఒకే బండిలో రెండుచోట్ల రెండు రకాలుగా బిగించగా చూశాను. మొదటిసారి అది మూడో టైరుకే ఆగిపోయింది. రెండోసారి బిగించాక ఏడు నెలలుగా ఒక్కసారి కూడా మొరాయించలేదు. మధ్యలో యంత్రం మారలేదు.

ముందు యంత్రం సంగతి. ఇది 12 వోల్టులది, పూర్తి పనిలో 30 ఆంపియర్ల దాకా కరెంటు తీసుకుంటుంది. పెట్టె మీద నిమిషానికి 70 లీటర్లని రాసి ఉంటుంది కానీ, అది ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటి లెక్క. టైరులో గాలి నిండే కొద్దీ ఆ సంఖ్య పడిపోతుంది. నా బండి టైర్లు 255/65 ఆర్18. కొలతలను బట్టి లెక్కిస్తే ఒక్కో టైరు లోపలి ఖాళీ సుమారు 70 లీటర్లు వస్తుంది. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ కాబట్టి, 18 నుంచి 32కి అంటే 14 పీఎస్ఐ ఎక్కించాలంటే దాదాపు ఒక టైరు నిండా బయటి గాలిని అదనంగా తోయాలి. ఈ లెక్క తెలిస్తే, కంప్రెసర్ కొనేటప్పుడు పెట్టె మీద 150 పీఎస్ఐ అని పెద్ద అక్షరాలతో రాసినదాన్ని చూసి మోసపోము. మనకు కావలసింది 32. ఎంత ఒత్తిడి ఇవ్వగలదన్న దానికంటే ఎంత గాలి తోయగలదన్నదే ముఖ్యం. సిగరెట్ లైటర్ సాకెట్‌కు గుచ్చే చిన్న కంప్రెసర్లు ఇక్కడే వెనకబడతాయి. ఆ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 15 లేదా 20 ఆంపియర్లే ఉంటుంది కాబట్టి వాటి మోటారు అంతకు లోబడే పని చేయాలి.

మొదటి బిగింపు హనుమకొండలో, కార్ల అలంకరణ సామగ్రి అమ్మే షాపులో జరిగింది. షాపు పేరు రాయడం నా ఉద్దేశం కాదు. అక్కడి కుర్రవాళ్లు మర్యాదస్తులు, సీటు కవర్లు, లైట్లు శుభ్రంగా వేస్తారు. కానీ 30 ఆంపియర్ల పనిని వాళ్లు లైట్ల పనిలాగే చేశారు. కంప్రెసర్‌ను డిక్కీ పక్కన ప్లాస్టిక్ పలకకు సెల్ఫ్ స్క్రూలతో బిగించారు. బానెట్ కింది బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లు రెండు వెనక దాకా లాగారు. ఫ్యూజును కంప్రెసర్ పక్కన పెట్టారు. సీటు బెల్టు బోల్టు విప్పి దాని కింద పట్టీ తగిలిస్తే ఇంకా గట్టిగా ఉంటుందని కూడా అన్నారు. ప్రాణాలు కాపాడే బోల్టును ఇతర పనులకు ముట్టుకోవద్దని నేనే వారించాను. ఆ ఒక్క విషయంలో గట్టిగా నిలబడినందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

మొదటి ప్రయాణంలోనే సంగతి బయటపడింది. వాగు దాటి, తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన ఆపి గాలి ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి టైరుకు మూడున్నర నిమిషాలు పట్టింది. రెండోదానికి ఇంకా ఎక్కువ. మూడో టైరు సగంలో ఉండగా మోటారు గొంతు బరువెక్కి, దానంతటదే ఆగిపోయింది; వేడెక్కితే ఆపేసే లోపలి స్విచ్ పని చేసిందన్నమాట. వెనక చాప ఎత్తి వైరు పట్టుకుంటే చేతికి చురుక్కుమంది, పై తొడుగు మెత్తబడి వేలిముద్ర పడేలా ఉంది. పైగా గతుకులకు స్క్రూల రంధ్రాలు పెద్దవై కంప్రెసర్ ఒకవైపు వాలిపోయింది. అరగంట చల్లార్చి, మిగతా గాలి ఎక్కించి, చీకటి పడ్డాక ములుగు దాటాను.

తర్వాతి వారం వరంగల్ ములుగు రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. యాభై ఏళ్లు పైబడిన మనిషి. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, లారీల వైరింగు ఆయన రోజువారీ పని. డిక్కీ తెరిచి చూసి, వైరును రెండు వేళ్ల మధ్య నలిపి, "సారూ, గింత సన్నం వైరుతోని గంత దూరం గుంజితె మోటరుకు ఏం అందుతది? నడిమిట్లనే వేడై పోతది" అన్నారు. మాటతో ఆగకుండా మీటరు తీశారు. ఇంజను నడుస్తుండగా, కంప్రెసర్ పని చేస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, కంప్రెసర్ దగ్గర సరిగ్గా 12.0 చూపించింది. నన్ను దగ్గరికి పిలిచి ఆ అంకెను చూపించి, మీటరు నా చేతికే ఇచ్చి నన్నూ కొలవమన్నారు.

ఇంటికొచ్చి నేనూ కాగితం మీద లెక్క వేసుకున్నాను. పోవడానికి నాలుగున్నర, రావడానికి నాలుగున్నర, మొత్తం తొమ్మిది మీటర్ల రాగి వైరు, 2.5 చదరపు మిల్లీమీటర్ల మందానికి దాని నిరోధం 0.062 ఓములు, 30 ఆంపియర్లతో గుణిస్తే 1.86 వోల్టులు. మీటరు చూపించిన తేడా కూడా అంతే. అంటే యాభై వాట్లకు పైగా శక్తి టైరులోకి పోకుండా నా చాప కింద వైరును వేడి చేస్తోంది. అందిన వోల్టేజీ తగ్గడంతో మోటారు నెమ్మదిగా తిరిగి, అదే గాలికి ఎక్కువసేపు పని చేసి, తానూ వేడెక్కింది. తప్పు మోటారుది కాదు.

ఎక్కడ బిగించాలన్న దాని మీద మేమిద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. బ్యాటరీ పక్కన బానెట్ కిందే పెడితే వైరు అర మీటరుతో సరిపోతుంది, డిక్కీలో జాగా మిగులుతుంది. కానీ డీజిల్ ఇంజను పక్కన, మన ప్రాంతపు మే నెల ఎండలో, కంప్రెసర్ మొదలయ్యేసరికే సగం వేడెక్కి ఉంటుంది. అది పీల్చేదీ వేడి గాలే. అడుగున చట్రానికి బిగిస్తే వాగు నీళ్లు, బురద. సీటు కింద పెడితే చల్లగానే ఉంటుంది కానీ, పాదాల దుమ్మంతా ఫిల్టరులోకి పోతుంది, పైపు తగిలించడానికి ప్రతిసారీ వంగాలి. చివరికి వెనక డిక్కీ పక్కనే ఉంచాలని, దానికి తగ్గ వైరు వేయాలని తేల్చుకున్నాం. దూరమైన చల్లని చోటు, దగ్గరైన వేడి చోటు అన్న రెండింటిలో మొదటిది ఎంచుకుంటే వైరు మీద ఖర్చు పెట్టక తప్పదు. నా లెక్కలో అది సరైన బేరం.

ఆయన చేసిన పని వివరంగా చెప్పదగినది. మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకును వంచి, ప్లాస్టిక్ పలక వెనక ఉన్న అసలు ఇనుప భాగానికి, అక్కడ ఖాళీగా ఉన్న, మర చుట్లున్న రంధ్రాలకు బోల్టులతో బిగించారు. కొత్త రంధ్రం ఒక్కటీ వేయలేదు. కంప్రెసర్ నాలుగు కాళ్ల కింద రబ్బరు బుష్‌లు, పైన అదురుకు వదులు కాని నైలాక్ నట్లు. వైరు 10 చదరపు మిల్లీమీటర్లది. ఫ్యూజు 40 ఆంపియర్లది, బ్యాటరీ నుంచి జానెడు దూరంలో ఉంది. దీనికి కారణం ఆయన చెప్పిన తీరు నాకు గుర్తుండిపోయింది: "ఫ్యూజు మోటరు కోసం కాదు సారూ, వైరు కోసం. నడిమిట్ల ఎక్కడ్నో వైరు గీసుకపోయి బాడీకి తాకితె, ఎనకకున్న ఫ్యూజు ఏం జేస్తది?" మొదటి షాపువాళ్లు చేసిన పనిలో నిజంగా భయపడాల్సింది ఇదే. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా నాలుగున్నర మీటర్ల వైరు ఏ రక్షణా లేకుండా నెలపాటు నా సీటు పక్క నుంచే పోయింది.

వైరు ఇంజను గది నుంచి లోపలికి వచ్చేచోట రంధ్రం అంచు గీసుకోకుండా రబ్బరు గ్రోమెట్, తలుపు గడప వెంట ముడతల పైపు తొడుగు వేశారు. వైరు చివరల లగ్గులను (బోల్టుకు తగిలించే లోహపు కొసలను) సుత్తితో కొట్టకుండా నొక్కుడు పట్టకారుతో బిగించి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగారు. స్విచ్ డ్యాష్‌బోర్డు మీద ఉన్నా పెద్ద కరెంటు దానిలోంచి పోదు. స్విచ్ చిన్న కరెంటుతో రిలే అనే పెద్ద స్విచ్‌ను కదిలిస్తుంది, రిలే మోటారును నడుపుతుంది. తాళం చెవి తిప్పితేనే రిలే పని చేసేలా కలిపారు కాబట్టి పొరపాటున నొక్కి వదిలేసినా బ్యాటరీ దిగిపోదు. కంపెనీ వైరింగు కట్టలో ఎక్కడా కోత పెట్టలేదు. బండి వారంటీలో ఉన్నవాళ్లు ఈ మాట ముందే అడిగి ఒప్పించుకోవాలి.

పని అయ్యాక మళ్లీ అదే మీటరు పెట్టాం. బ్యాటరీ దగ్గర 13.8, కంప్రెసర్ దగ్గర 13.3. ఇప్పుడు ఒక్కో టైరుకు రెండుంపావు నిమిషాలు పడుతోంది. పైపు మార్చుకోవడం, గేజు చూసుకోవడం కలుపుకొని నాలుగు టైర్లూ పన్నెండు నిమిషాల్లో పూర్తవుతాయి. పని చేస్తున్నంతసేపూ ఇంజను ఆన్‌లో ఉంచుతాను. కంప్రెసర్‌తో వచ్చిన గేజు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి విడిగా ఒక గేజు కొనుక్కున్నాను. ఇది యంత్రం మీద నాకున్న ఒకే ఫిర్యాదు.

ఇక దాచుకోవడం. బిగించిన యంత్రం సంగతి సరే, దాని పైపును, మూతలను చూసుకోవడం మన బాధ్యత. కంప్రెసర్ తల దగ్గర గాలి బాగా వేడిగా బయటికి వస్తుంది. అందుకే మొదటి రెండడుగులు లోహపు అల్లిక ఉన్న గొట్టం, ఆ తర్వాత ఆరు మీటర్ల రబ్బరు పైపు పెట్టించుకున్నాను. వెనక నుంచి ముందు చక్రాలకు అది సులువుగా అందుతుంది. వాడిన వెంటనే పైపును సంచిలో పెట్టను. నీడలో పరిచి, చల్లబడ్డాక, మెలిక పడకుండా పెద్ద చుట్టగా చుట్టి గుడ్డ సంచిలో వేస్తాను. ప్లాస్టిక్ సంచిలో వేస్తే లోపలి తేమ ఆరదు, వానాకాలంలో పైపును తగిలించే కలపు (కప్లింగ్) దగ్గర ఇత్తడి పచ్చబడుతుంది.

ఆ కలపుకు రబ్బరు మూత తప్పనిసరి అని నష్టపోయి తెలుసుకున్నాను. ఒకసారి మూత పెట్టకుండా పైపును డిక్కీలో వదిలేశాను. మొరం దుమ్ము కలపులో చేరి, తర్వాత గాలి కొట్టినప్పుడు నేరుగా టైరు వాల్వులోకి పోయింది. ఇంటికొచ్చేసరికి కుడి వెనక టైరు 24కి దిగింది. సబ్బునీళ్లు పోస్తే వాల్వు నోటి దగ్గర ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్నాయి. సూది విప్పి చూస్తే రబ్బరు అంచు మీద ఒక్క ఎర్రటి ఇసుక రేణువు అంటుకొని ఉంది. ఇప్పుడు మూతను దారంతో పైపుకే కట్టేశాను, తగిలించే ముందు ఒక్క క్షణం కంప్రెసర్ నడిపి గాలి ఊదుతాను. పీల్చే వైపు ఉన్న స్పంజి ఫిల్టరును నెలకోసారి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే పెడతాను. మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు ఈ బండిలోనే వేసుకెళ్లే రోజుల్లో కంప్రెసర్ మీద పాత గోనెసంచి కప్పుతాను, గాలి కొట్టేటప్పుడు మాత్రం దాన్ని తప్పకుండా తీసేస్తాను.

ఖర్చు విషయానికొస్తే, కంప్రెసర్‌కు 11,500 రూపాయలు, మొదటి బిగింపుకు 2,800, రెండోదానికి వైరు, రిలే, ఇనుప పని అన్నీ కలిపి 6,400 అయ్యాయి. రెండో ధర విన్నప్పుడు నాకూ ఎక్కువనిపించింది. అందులో సగానికి పైగా రాగి వైరు ధరే; బిల్లులో వైరు పొడవు, మందం విడివిడిగా రాసిచ్చారు. ఏడాదికి రెండుసార్లే ఇసుకలో దిగేవాళ్లకు ఇంత పని అవసరం లేదు. బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో తగిలించే విడి కంప్రెసర్‌ను ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను పట్టీతో కదలకుండా కట్టుకుంటే చాలు. నెలకు మూడు నాలుగుసార్లు గాలి దింపి ఎక్కించే నాలాంటివాళ్లకు మాత్రం శాశ్వత బిగింపే మేలు.

ఆ ఎలక్ట్రీషియన్ దగ్గర పని నెమ్మది. నా బండి రెండు రోజులు అక్కడే ఉంది, మధ్యలో ఒక ట్రాక్టరు వస్తే నా పని పక్కన పెట్టారు కూడా. వరికోతల కాలంలో హార్వెస్టర్ల వరుస ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో వెళ్లవద్దని ఆయనే చెప్పారు. మిగతా రోజుల్లో ఉదయం తొమ్మిదికల్లా బండి నిలిపి, వైరు మందం ఎంత, ఫ్యూజు ఎక్కడ అని ముందే మాట్లాడుకుంటే మరుసటి సాయంత్రానికి చేతికిస్తారు. ఇచ్చేముందు ఆ మీటరు అంకెలు మీకూ చూపించమని అడగండి.