మెడ నొప్పికి కైరోప్రాక్టిక్: రెండేళ్ల పైనే వాడినంక చెప్తున్న

మన ఎక్స్ సర్వీస్‌మెన్ గ్రూపుల ఎవలో ఒకలు అడుగుతనే ఉంటరు, మెడకు కైరోప్రాక్టిక్, అంటే చేతులతోని జాయింట్లు వత్తి, తిప్పి చేసే వైద్యం, పనిచేస్తదా, పైసలు దండుగనా అని. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుడు కన్నా ఒక్కసారి రాసి పెడితే అయిపోతది అని రాస్తున్న.

నేను ఇన్‌ఫాంట్రీ, హవల్దార్‌గ రిటైరై హన్మకొండల ఉంటున్న. కాశ్మీర్‌ల డ్యూటీ చేసినోళ్లకు పట్కా, అదే గుండ్లు ఆపే హెల్మెట్, గురించి చెప్పనక్కర్లే, తల మీద అదొక్కటే రెండున్నర కిలోల దాక ఉంటది, దాంతోని గంటలకు గంటలు నిలవడుడు, పైంగ పిట్ఠు (వీపు మీది సామాన్ల సంచి), రైఫిల్, వెనకకెళ్లి కూసునే బండేమో గుంతలల్ల ఎగిరెగిరి పడుడు. సర్వీసుల ఉన్నన్ని రోజులు బామ్ రాసుకొని నడిపించినం. రిటైరైనంక కార్ రివర్స్ తీద్దామంటే మెడ తిరగదు, మొత్తం నడుము కాడికెళ్లి తిరగాలె, ఎడమ భుజం దాక గుంజుడు, పొద్దున లేస్తే తలకాయ దిమ్ము. ఎంఆర్ఐ తీస్తే సీ5-సీ6 కాడ, అంటే మెడల ఐదో, ఆరో బొక్కల నడుమ, డిస్క్ అరిగింది అన్నరు. మెడల ఏడు బొక్కలు ఉంటయి కద, ఎక్కువ మందికి అరిగేది ఆ జాగలనేనట.

గోలీలు, కాలర్, పాలీక్లినిక్ నుంచి రిఫర్ చేస్తే ఫిజియోథెరపీ, అన్ని అయినయి. ఫిజియోతోని కొంత నయమే అయ్యింది కని మెడ తిరుగుడు మాత్రం రాలే. అప్పుడు పాత యూనిట్ దోస్తు ఒకాయన చెప్తే హైదరాబాద్‌ల ఒక కైరోప్రాక్టర్‌కు చూపిచ్చుకున్న. పొద్దున కాజీపేటల ట్రైన్ ఎక్కి సికింద్రాబాద్‌ల దిగుడు, మళ్ల సాయంత్రం వాపస్. మొదట్ల వారం వారం పోయిన, తర్వాత నెలకోసారి, ఇప్పుడు ఎప్పుడన్న మరీ పట్టేస్తే.

ఫస్ట్ సిట్టింగ్‌ల మెడ ముట్టనే ముట్టలే ఆ కైరోప్రాక్టర్. ఎంఆర్ఐ చూసిండు, మోచేతులు మోకాళ్ల మీద చిన్న సుత్తెతోని కొట్టి చూసిండు, చేతుల తిమ్మిర్లు ఉన్నయా, వస్తువులు జారి పడుతున్నయా, నడుస్తుంటే తూలుతున్నవా, రక్తం పల్చగయ్యే మందులు వాడుతున్నవా, తల తిప్పితే కండ్లు తిరుగుతయా, ఒంటికి రెంటికి కంట్రోల్ తప్పుతున్నదా అని గుచ్చి గుచ్చి అడిగిండు. నాకు నచ్చింది గదే. ఇవేం అడగకుండ కూసోబెట్టి టక్కున మెడ తిప్పేటోడు దొరికితే ఫీజు పోతే పోయింది అని లేచి రండ్రి. ఎందుకంటే మెడల బొక్కల నడుమకెళ్లి మెదడుకు పోయే నరం, అదే రక్తనాళం, గట్టిగ మెలిపెడితే చీలే ప్రమాదం ఉన్నది. అరుదే, కని అట్లయితే పక్షవాతం గూడ రావొచ్చు. కటింగ్ షాపుల తల మసాజ్ చేసి ఫ్రీగ మెడ పటక్కుమనిపిస్తరు సూడు, నేను గది మొత్తానికే బంద్ చేపిచ్చిన, మా తమ్మునికి గూడ.

ఆ పటక్ సౌండ్ ఇని చానా మంది బొక్క సెట్ అయ్యింది అనుకుంటరు. బొక్కేం జరగదు, జాయింట్ల ఉండే నీళ్లల్ల గ్యాస్ బుడగ అయినప్పుడు వచ్చే సప్పుడు అది. సౌండ్ రాకపోతే పని కాలే అని కాదు. నాకైతే కొన్నిసార్లు అస్సలు తిప్పకుండ మెల్లగ కదిలిచ్చి, వీపు పైభాగం వత్తి పంపిండు, ఆ రోజుల్ల గూడ అంతే హాయిగ ఉండె.

ఇగ అసలు సంగతి. టేబుల్ మీదికెళ్లి లేస్తే మెడ మస్తు అల్కగ అయితది, ట్రైన్‌ల కిటికీల కెళ్లి రెండు దిక్కులు చూసుకుంట వస్త. రెండు మూడు రోజులు. మళ్ల మెల్లగ పట్టుడు షురూ. నిలబడ్డది మాత్రం ఆ అల్కగున్న రెండు మూడు రోజుల్ల చేసిన ఎక్సర్‌సైజులతోనే. గదువ లోపటికి గుంజి పట్టుడు, అరచెయ్యి నుదుటికి పెట్టి తలతోని నూకుడు, వెనక రెక్కలు దగ్గరికి తెచ్చుడు, గంతే. నొప్పితోని చేద్దామంటే ఒళ్లు రాకపోయేది, అడ్జస్ట్‌మెంట్, అదే ఆయన చేసే వైద్యం, అయినంక చెయ్యగలిగిన. ఎక్సర్‌సైజ్ లేకుండ వట్టిగ పోయి వచ్చుడు పంక్చర్ ఎయ్యకుండ గాలి కొట్టిచ్చుకున్నట్టే.

ఇంకో సెంటర్ చూసిన, పేరెందుకు గని, పోంగనే ఎక్స్‌రే, ఆ వెంబడే పెద్ద ప్యాకేజీ అడ్వాన్స్, జిందగీ మొత్తం మెయింటెనెన్స్ కావాలె అన్నరు. వాపస్ వచ్చిన. మన దేశంల ఈ వైద్యానికంటూ వేరే కౌన్సిల్ లేదు, చిన్న కోర్సు చేసి బోర్డు పెట్టినోళ్లు గూడ ఉన్నరు, యాడ చదివిండ్రు అని అడుగుడుల సిగ్గేం లేదు. అమెరికాల అయితే మాజీ సైనికులకు వాళ్ల సర్కారు వీఏ (మాజీ సైనికుల శాఖ) దవాఖానల్లనే 2004 నుంచి ఈ వైద్యం ఇస్తున్నరు, అండ్ల డాక్టర్లు, ఫిజియోలు అందరు ఒక్కదగ్గరనే ఉంటరు. మనకు సొంత జేబే. నాకు సిట్టింగ్‌కు వెయ్యి పైన, ట్రైన్, ఆటో, తిండి అదనం.

ఇప్పుడు నా మెడ ఎట్లుందంటే నొప్పి పూర్తిగ పోలే, అరిగింది అరిగినట్టే ఉంటది. కని రివర్స్ తీస్తుంటే అద్దం మీద ఆధారపడుత లేను, గోలీ ఎప్పుడో ఒకనాడు. మార్కులెయ్యమంటే ఐదుకు మూడున్నర. మెడ పట్టేసి తిరగనోళ్లు, రిపోర్టులు చూపిచ్చుకున్నోళ్లు ఒక నెల రోజులు చూడొచ్చు, నెలల ఫరక్ కనవడకపోతే ఇగ ఆపెయ్యుండ్రి. చేతుల బలం తగ్గినోళ్లు, తూలేటోళ్లు, బొక్కలు గుల్లబారినయి అని రిపోర్ట్ ఉన్నోళ్లు మాత్రం ముందుగాల న్యూరో డాక్టర్ దగ్గరికి పోండ్రి, దీని దిక్కు రాకుండ్రి.