స్వే బార్ బయటి వ్యాసం ఒక్కటే చూసి సెట్ కొనకండి

స్పోర్ట్స్ కారుకు లావుపాటి స్వే బార్లు (మలుపుల్లో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించేందుకు ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీలు), పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లు (బారును కారుకు పట్టి ఉంచే తొడుగులు) వేయించాలనుకుంటున్నవారు, ముఖ్యంగా ముందు, వెనుక బార్లను ఒకే సెట్‌గా కొనబోతున్నవారు, డబ్బు చెల్లించే ముందు దీన్ని చదవాలని కోరుతున్నాను. అమ్మకందారును నేను అడగకుండా వదిలేసిన రెండు ప్రశ్నల వల్ల తడి రోడ్డు మీద ఒక మలుపులో నా కారు అదుపు తప్పింది.

నా కారుకు మొదట ఉన్న ముందు బారు 22 మిల్లీమీటర్లు, వెనుకది 16. రెండూ లోపల నిండుగా ఉన్న ఉక్కు కడ్డీలే. ప్రకటనలో కొత్త సెట్ ముందు 25, వెనుక 19 అని మాత్రమే ఉంది. పొడవు, ఆకారం మారనప్పుడు బారు గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ముందు సుమారు 67 శాతం, వెనుక దాదాపు రెట్టింపు అవుతుందని లెక్క వేసుకున్నాను. వెనుక పెరుగుదల ఎక్కువే అయినా, ముందు కూడా బాగా పెరుగుతుంది కదా అని సరిపెట్టుకున్నాను.

అయితే కొత్త ముందు బారు నిండు కడ్డీ కాదు, గొట్టం. దాని గోడ మందం 3 మిల్లీమీటర్లేనని, పదేపదే అడిగిన తరువాత గాని అమ్మకందారు చెప్పలేదు. అంటే లోపలి వ్యాసం 19. ఆ ఖాళీని లెక్కలోంచి తీసేస్తే, పాత బారు కన్నా కొత్తది 11 శాతం మాత్రమే గట్టిది. పెట్టె తెరిచినప్పుడే అది పాతదాని కన్నా తేలికగా ఉంది, నేను అప్పుడే అనుమానించవలసింది. గొట్టపు బారు నాసిరకమని నేను అనడం లేదు. పాతదాని బరువులో సగానికి కొంచెం మించినదానితోనే అంతకన్నా ఎక్కువ గట్టిదనం ఇవ్వడం మంచి పనితనమే. ఆ సంగతి చెప్పకుండా బయటి వ్యాసాన్ని మాత్రమే చూపి అమ్మడం తప్పు.

ముందు స్వల్పంగా, వెనుక రెట్టింపుగా గట్టిదనం పెరగడంతో, మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువులో ఎక్కువ వాటా వెనుక ఇరుసు మీద పడి, వెనుక టైర్ల పట్టు తగ్గింది. పొడి రోడ్డు మీద కారు చురుకుగా తిరుగుతోందని సంతోషించాను. వాన కురుస్తున్న రోజున, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే వెనుక భాగం పక్కకు జారి, కారు అడ్డం తిరిగి నిలిచింది. ఎదురుగా ఏ వాహనమూ రాకపోవడం వల్లనే నాకు గాని, ఇంకొకరికి గాని ప్రమాదం జరగలేదు.

బుష్‌ల సంగతి ఆ తరువాత బయటపడింది. కొన్ని కార్లలో కంపెనీ వేసే రబ్బరు బుష్ బారుకు అతుక్కుని, దానితోపాటు తానూ మెలితిరుగుతుంది. పాలీయూరిథేన్ బుష్‌లో మాత్రం బారు జారుతూ తిరగాలి. సెట్‌లో వచ్చిన వెనుక బుష్‌ల రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలిస్తే 18 మిల్లీమీటర్లే ఉంది. 19 మిల్లీమీటర్ల బారును అవి బిగించి పట్టుకోవడంతో, వెనుక సస్పెన్షన్ ఉండవలసిన దాని కన్నా మరింత బిర్రుగా, కుదుపులతో పనిచేసింది. బ్రాకెట్లు బిగించాక, ఎండ్ లింకులు (బారు కొసలను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీలు) తగిలించక ముందు, బారును చేత్తో పైకీ కిందికీ కదిపి చూడండి. అది పెద్దగా బలం పెట్టకుండానే తిరగాలి. తిరగకపోతే సిలికాన్ గ్రీజు పట్టించి మళ్లీ చూడండి, అప్పటికీ తిరగకపోతే ఆ బుష్‌లు ఆ బారువి కావు. రంధ్రం పెద్దదైతే కారు గతుకులు దాటేటప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది, కానీ చిన్నదైతే ఏ చప్పుడూ లేకుండానే కారు స్వభావాన్ని మార్చేస్తుంది. అందుకే దాన్నే నేను ఎక్కువ ప్రమాదకరమని భావిస్తున్నాను.

కాబట్టి బారు నిండుదా, గొట్టమా, గొట్టమైతే గోడ మందం ఎంత, బుష్ రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు అనే వివరాలను రాతపూర్వకంగా తీసుకోండి. ఒకసారి బిగించిన విడిభాగాలను వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు నాకు చెప్పాడు. వెనుక పాత 16 మిల్లీమీటర్ల బారునే మళ్లీ వేయించాను. తీసిన బారునూ బుష్‌లనూ మరొకరికి అమ్మే ఉద్దేశం నాకు లేదు.