రెప్పల మీద జిడ్డు: ప్రైమరా, కన్సీలరా, ఉత్త పౌడరా?

"అక్కా, పొద్దున పెట్టిన లైనర్ మధ్యాహ్నానికే రెప్ప పైకి అంటుకుంటున్నది, ఏం వాడాలె?" హన్మకొండలో పెళ్లి మేకప్ చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. మాఘంలో ముహూర్తాలు మొదలైతే జ్యేష్ఠం దాకా అడుగుతారు. మళ్లీ బతుకమ్మ ముందు అడుగుతారు. పని తొందరలో "ప్రైమర్ పెట్టుకో" అని ఫోన్ పెట్టేసేదాన్ని. అది పూర్తి జవాబు కాదని తెలుసు. అందుకే ఈ ఎండాకాలం నా కళ్ల మీదే చూసుకున్నాను. నావీ జిడ్డు రెప్పలే.

ఒక రెప్పకు ప్రైమర్ (మేకప్ నిలవడానికి ముందుగా రాసే పూత), ఇంకో రెప్పకు కన్సీలర్ (నలుపు, మచ్చలు కప్పే క్రీమ్) రాసి పైన పౌడర్. రెండిటి మీదా ఒకే ఐషాడో, ఒకే లైనర్. వారం తర్వాత కళ్లు మార్చాను, ఎందుకంటే నాకు ఎడమ కంటి మడత కొంచెం లోతు. రోజూ కాజీపేట నుంచి ఆటోలో ఎండకు వచ్చి, పార్లర్‌లో పని చేసుకుంటూ గంట గంటకూ అద్దంలో చూశాను.

పదకొండింటి దాకా తేడా లేదు. ఒంటిగంటకు కన్సీలర్ ఉన్న రెప్ప మడతలో సన్నగా ఒక గీత పడింది. మూడింటికి ఆ గీతలోకి ఐషాడో అంతా చేరి, దాని చుట్టూ చర్మం కనిపించింది. ప్రైమర్ ఉన్న రెప్ప మీద రంగు కొంచెం వెలిసింది కానీ ఉన్నచోటే ఉంది. రెండో వారమూ ఇంతే, కన్ను మారింది అంతే.

కారణం కష్టమైనదేమీ కాదు. కన్సీలర్ చర్మం మీద మెత్తగా పాకడానికి అందులోనే నూనెలు, మైనం లాంటివి కలుపుతారు. నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. వేసిన ప్రతిసారీ పైచర్మం మడత పడుతుంది. కింద నుంచి చర్మం జిడ్డు వదులుతూ ఉంటే, పైనున్న మెత్తటి పూత జారిపోయి మడతలోకి చేరకుండా ఎలా ఉంటుంది? కంటి ప్రైమర్ అలా కాదు. అందులో ఎక్కువగా సిలికాన్లు, జిడ్డును పీల్చే సిలికా లాంటి పొడి ఉంటాయి. ఆరాక పలుచటి పొరలా పట్టుకుంటుంది. అయితే ముఖానికి రాసే ప్రైమర్‌ను రెప్పలకు వాడితే ఈ ఫలితం రాదు. నేను వాడి చూసినవన్నీ రెప్ప మీద జారుడుగానే ఉండిపోయాయి.

ప్రైమర్ కొన్నాక కూడా "అక్కా, నాకు పనిచేయలె" అనేవాళ్లున్నారు. అడిగితే రెండు విషయాలు బయటపడతాయి: ఎక్కువ రాశారు, ఆరకముందే రంగు వేశారు. రెండు రెప్పలకూ కలిపి ఒక బియ్యపు గింజంత చాలు. ఉంగరం వేలితో, వెంట్రుకల దగ్గర నుంచి కనుబొమ్మ కింది దాకా రుద్దకుండా అద్దాలి. తర్వాత కనీసం రెండు నిమిషాలు కిందికి చూస్తూ ఉండాలి. పైకి చూస్తే తడిగా ఉండగానే మడత పడిపోతుంది. నా దృష్టిలో ఏ కంపెనీ ట్యూబ్ అన్నదానికంటే ఈ రెండు నిమిషాలే ముఖ్యం.

జిడ్డు రెప్పకు ఉత్త కన్సీలర్ ఆగదని నేను నేర్చుకున్నది ఒక మే నెల పెళ్లిలో. నర్సంపేట వైపు ఊరు, పగటి ముహూర్తం, హాల్లో కూలర్లు తప్ప ఏమీ లేవు. పెళ్లికూతురి రెప్పలు నల్లగా ఉన్నాయని కన్సీలర్ రెండు పూతలు వేశాను. జీలకర్ర బెల్లం వేళకు బాగానే ఉంది. తలంబ్రాల దగ్గర ఫొటోగ్రాఫర్ దగ్గరగా కెమెరా పెట్టినప్పుడు చూశాను, రెండు కళ్ల మీదా మందపాటి గీతలు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలాగని కన్సీలర్‌ను తీసిపారేయను. రెప్పల నలుపును ప్రైమర్ కప్పదు, దానికి కన్సీలరే కావాలి. అప్పుడు ముందు ప్రైమర్ ఆరనిచ్చి, మడతను వదిలేసి, నలుపు ఉన్నచోట మాత్రం పలుచగా కన్సీలర్ అద్దుతాను. రెండు మూడు గంటల ఫంక్షన్‌కైతే కన్సీలర్, పౌడర్ చాలు.

ఉత్త లూజ్ పౌడర్ గంటసేపు పనికొస్తుంది. కాలేజీకి కాటుక మాత్రమే పెట్టుకునేవాళ్లకు అదే ఎక్కువ.

"వాటర్‌ప్రూఫ్ కొన్నా కదా, ఎందుకు పోతది?" అని కూడా అడుగుతారు. వాటర్‌ప్రూఫ్ అంటే నీటికి, కన్నీళ్లకు, చెమటకు తట్టుకునేది. జిడ్డుకు కాదు. ఆ లైనర్‌ను రాత్రి తీయడానికి నూనె ఉన్న రిమూవర్ వాడతాం కదా, మీ రెప్ప పగలంతా ఆ పనే నెమ్మదిగా చేస్తుంది. అప్పగింతల ఏడుపుకు వాటర్‌ప్రూఫ్ కావాలి, నిజమే. కింద ప్రైమర్ లేకపోతే మాత్రం అప్పగింతల దాకా అది ఉండదు. మస్కారా కింది రెప్పకు అంటుకుంటున్నవాళ్లు ట్యూబింగ్ మస్కారా తీసుకోండి. అది వెంట్రుక చుట్టూ తొడుగులా పట్టుకుంటుంది, జిడ్డుకు కరగదు, గోరువెచ్చని నీళ్లతో ఊడి వస్తుంది.

కాటుక పెన్సిల్ మైనం, నూనెలతో చేసేదే కాబట్టి జిడ్డు రెప్పల మీద అన్నిటికంటే ముందు పాకుతుంది. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసినదైతే ఇంకా తొందరగా. రెప్ప అంచు లోపల కాటుక పెట్టొద్దని నేను గట్టిగానే చెబుతాను. కంటికి తడి ఆరకుండా నూనె వదిలే గ్రంథులు ఆ అంచు మీదే ఉంటాయి. వాటి నోళ్లకు మైనం పూయడం మంచిది కాదు. పైకి లైనర్‌గా ఆరిపోయే జెల్ గానీ, లిక్విడ్ గానీ వాడండి.

పెళ్లికూతుళ్లకు ఇంకొక మాట. నలుగు పెట్టి, తలకు నూనె రాసి స్నానం చేయించాకే నా దగ్గరికి తెస్తారు. సున్నిపిండితో ముఖం రుద్దుతారు కానీ రెప్పలను ఎవరూ ముట్టుకోరు, నూనె అక్కడే ఉండిపోతుంది. దూదిని మైసెల్లార్ వాటర్‌తో (మేకప్, జిడ్డు తీసే నీళ్లలాంటి క్లెన్సర్) తడిపి, మూసిన కన్ను మీద పది సెకన్లు ఉంచి తుడవండి. మళ్లీ ఉత్త నీళ్లతో తుడిచి, పొడిగా అద్దండి. ఆ పూట రెప్పలకు క్రీమ్ రాయకండి. దీని తర్వాతే ప్రైమర్. రెప్పల అంచున పొట్టు రాలుతూ, దురద ఉంటే మాత్రం మేకప్ ఆపి కంటి డాక్టర్‌కు చూపించండి.

సద్దుల బతుకమ్మ నాడు నాలుగింటికే తయారై, పద్మాక్షి గుట్ట దగ్గర చీకటి పడేదాకా ఆడతారు. మధ్యలో రెప్ప మెరిసినట్టు అనిపిస్తే మళ్లీ పౌడర్ వేయకండి, జిడ్డుతో కలిసి ముద్ద కడుతుంది. టిష్యూను రెండు పొరలుగా విడదీసి, ఒక పొరను వేలికి చుట్టి, కన్ను మూసి మడత మీద మెల్లగా అద్ది తీసేయండి.