మెరక చెరువు, లోతు చెరువు, తార్పాలిన్ తొట్టి: ఆరేళ్ల ఫంగస్ చేపల సాగులో నేను చూసిన తేడా

కైకలూరు దగ్గర మా ఊళ్లో ఆరేళ్లుగా ఫంగస్ చేప పెంచుతున్నాను. కాగితాల మీద పంగాసియస్ అని రాస్తారు గానీ గట్ల మీద అందరి నోటా ఫంగసే. ఇదీ క్యాట్‌ఫిష్ జాతే, కానీ క్యాట్‌ఫిష్ అనగానే నిషేధంలో ఉన్న ఆఫ్రికా రకం గుర్తొస్తుంది చాలామందికి. అది వేరు, ఇది వేరు. ఒకే చోట కొన్న చేపపిల్లని, ఒకే తేలే మేతతో, మూడు రకాల నీళ్లలో పెంచాను. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఈ చేప ఓ పట్టాన చావదు. ఆక్సిజన్ పడిపోతే పైకొచ్చి గాలి మింగుతుంది. కట్ల, రోహు తెల్లారేసరికి తేలిపోయే నీళ్లలో కూడా ఇది తిరుగుతూనే ఉంటుంది. చావట్లేదు కదా, చెరువు బాగున్నట్టే అనుకుని మొదటి రెండేళ్లు నష్టపోయాను. చెరువు మంచిచెడ్డలు ఈ చేప చావులో కనపడవు, తూకంలో కనపడతాయి.

నా మెరక చెరువు ఎకరం. వరి చేనుకి గట్లు పోసి చేసింది, నీళ్లు నాలుగడుగులే. ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున నీళ్లు చల్లబడిపోయి చేప మేత ముట్టదు. నీళ్లు 22 డిగ్రీల కిందకి దిగితే దీనికి అరుగుదల బాగా తగ్గిపోతుంది. తినని చేపకి తెల్ల మచ్చలు, ఆ వెనకే రెక్కల మొదట్లో ఎర్రటి పుండ్లు. సంక్రాంతి దాటి ఎండ ముదిరితే గానీ కోలుకోలేదు. పైగా ఇది బెదురు చేప. లోతు లేని నీళ్లలో గట్టు మీద మనిషి నడిచినా అదిరిపడి పరుగులు తీస్తుంది, తిన్న మేత ఆ పరుగులకే పోతుంది. పది నెలలకి సగటు ఎనిమిది వందల గ్రాములు దాటలేదు. నీళ్లు చిక్కగా పచ్చబడితే ఇంకో దెబ్బ: కొనడానికి వచ్చినాయన గట్టు మీదే ఒక చేపని కోసి, మాంసం పసుపుగా ఉందని ధర తగ్గించాడు. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో ఇదే చేపని మూడు నాలుగు మీటర్ల లోతులో, నీళ్లు మారుస్తూ పెంచుతారు. వాళ్ల సరుకు తెల్లగా ఉండటానికి అదొక కారణం.

లోతు చెరువు రెండెకరాలు, నల్లరేగడి, ఏడడుగుల నీళ్లు. అదే పిల్ల, అదే పది నెలలు, సగటు కిలోంబావు. నీళ్లు ఎక్కువ కాబట్టి చలి రాత్రుల్లో కూడా అంత తొందరగా చల్లబడవు. బెదురు కూడా తక్కువ. ఎకరానికి కాసిని కట్లలు కలిపాక నీటి పచ్చదనం అదుపులోకి వచ్చింది.

దీనికీ చిక్కుంది. మూడో పంటకి చెరువు ఎండబెట్టకుండానే పిల్ల వేశాను. శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టేసరికి అడుగు బురద కుళ్లి అమోనియా లేచింది. మొప్పలు పాలిపోయి, చేప పదిహేను రోజులు మేతకి రాలేదు. అప్పట్నుంచి ప్రతి పట్టుబడి తర్వాత నేల నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, నల్ల బురద తీయించి, సున్నం చల్లుతున్నాను.

తార్పాలిన్ తొట్టి నాలుగు మీటర్ల వెడల్పు, పన్నెండు వేల లీటర్ల నీళ్లు. మొదటి రెండు నెలలు పిల్ల చాలా ముచ్చటగా, ఒకే సైజులో పెరిగింది. బరువు వంద గ్రాములు దాటాక కష్టాలు మొదలయ్యాయి. చేప వ్యర్థాల నుంచి నీళ్లలో తయారయ్యే నైట్రైట్ అనే విషం పెరిగి మొప్పలు గోధుమరంగుకి తిరిగాయి. అప్పుడు చేప ఎంత గాలి మింగినా లాభం లేదు, రక్తం ఆక్సిజన్‌ని మోయలేదు. గళ్లుప్పు వేసి, సగం నీళ్లు మార్చి గట్టెక్కించాను. ఒకసారి కరెంటు పోయి రాత్రంతా నీళ్లలోకి గాలి కొట్టే పంపు ఆగిపోతే చేప బతికింది గానీ ఫ్లాక్ (వ్యర్థాల్ని తినేసే సూక్ష్మజీవుల ముద్దలు) చచ్చి నీళ్లు కంపు కొట్టాయి. గోడలకి కొట్టుకుని మూతులు పుండ్లు పడ్డాయి. సిమెంటు తొట్టి ఒకసారే వాడాను. గరుకు గోడకి మీసాలు కూడా అరిగిపోయాయి, ఇక దాని జోలికి పోలేదు.

ఇప్పుడు తొట్టిని పిల్ల పెంచుకోవడానికే వాడుతున్నాను. వేలెడు పిల్లని అందులో వేసి, యాభై గ్రాములకి రాగానే లోతు చెరువులోకి దించుతాను. మెరక చెరువుని ఈ వేసవిలో ఇంకో మూడడుగులు తవ్విస్తున్నా, పొక్లెయినర్ మాట్లాడేశాను. అప్పటిదాకా అందులో ఫంగస్ వేయను, రోహు, కట్లే.