మినీ ట్రాక్టర్ లోడర్‌కు బకెట్: నాలుగు అడుగులా, ఐదు అడుగులా?

ముందు టేపు తీసుకుని వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం కొలవండి. లోడర్ (ట్రాక్టర్ ముందు బిగించి మట్టి, ఎరువు ఎత్తే చేతులు) బకెట్ అంతకంటే కాస్త వెడల్పుగా ఉండాలి. తక్కువైతే బకెట్ తీయకుండా వదిలేసిన మట్టి మీదికి టైరు ఎక్కి ట్రాక్టర్ ఒరుగుతుంది, నేల చదునుగా రాదు. ఆ కొలత నాలుగు అడుగులు దాటితే ఇక ఆలోచించక్కర్లేదు, ఐదడుగులదే తీసుకోవాలి.

దాటకపోతే అసలు లెక్క బరువుది. తడి మట్టి క్యూబిక్ మీటరుకు సుమారు 1,600 నుంచి 1,800 కిలోలు తూగుతుంది. నాలుగడుగుల బకెట్‌లో 0.2 క్యూబిక్ మీటర్లు పట్టిందనుకుంటే 360 కిలోల దాకా వస్తుంది. అదే లోతున్న ఐదడుగుల దానిలో 450. లోడర్ 500 కిలోలు ఎత్తుతుందన్నా, అందులోంచి బకెట్ సొంత బరువు తీసేయాలి కదా! పెద్ద బకెట్ నిండా తడి మట్టితో పైకి లేపితే వెనక టైర్లు తేలికైపోతాయి, స్టీరింగ్ బిగుసుకుంటుంది. గట్టు దిగేటప్పుడు ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

మాగిన పశువుల ఎరువు, ఊక, చొప్ప అయితే కథ వేరు. ఎరువు తడి మట్టికంటే బాగా తేలిక, ఊక ఇంకా తేలిక. పాడి ఉన్నవాళ్లకు ఐదడుగులదే లాభం, ట్రాలీ త్వరగా నిండుతుంది.

మట్టి పనీ ఎరువు పనీ రెండూ ఉంటే నేను నాలుగడుగులదే తీసుకోమంటాను. ఏది కొన్నా, ట్రాక్టర్ వెనక బరువు కోసం రోటవేటర్ తగిలించాకే లోడర్ వాడండి. నిండు బకెట్‌తో కదిలేటప్పుడు దాన్ని మోకాలి ఎత్తు దాటనివ్వకండి.