సాఫ్ట్ క్లోజ్ కమోడ్ సీట్ కొనేముందు మూతను జానెడు ఎత్తు నుంచి వదిలి చూడండి

చిన్నపిల్లలున్న వాళ్లు దయచేసి ఇది చదవండి. ఐదు నెలల కిందట ఆన్‌లైన్‌లో సాఫ్ట్ క్లోజ్ అని రాసి ఉన్న కమోడ్ సీట్ కొన్నాను. కొత్తలో మూత మెల్లగా దిగేది. పోయిన ఆదివారం ఠప్పున పడి మా నాలుగేళ్ల పాప వేళ్లు నలిగాయి. ఎముక విరగలేదు గానీ రెండు గోళ్లు నల్లబడ్డాయి. రాత్రంతా ఏడుస్తూనే ఉంది.

మర్నాడు సీట్ ఊడదీశాను. మూత హింజ్ కింద తేనెలా జిగటగా ఏదో కారి, దానికి దుమ్ము అంటుకుని ఉంది. అది డాంపర్‌లోని సిలికాన్ ఆయిల్. డాంపర్ అంటే బొటనవేలంత గొట్టం. లోపల రెక్క ఉన్న ఇరుసు, చుట్టూ చిక్కటి ఆయిల్. మూత దిగేటప్పుడు రెక్క నెట్టిన ఆయిల్ సన్నని సందులోంచే పోవాలి, అందుకే మూత నెమ్మదిస్తుంది. ఎత్తేటప్పుడు చిన్న వాల్వ్ తెరుచుకుని దారి ఇస్తుంది. ఎండకైనా చలికైనా చిక్కదనం పెద్దగా మారదని సిలికాన్ ఆయిల్ వాడతారు. ఇరుసు బయటికొచ్చే చోట ఆయిల్‌ను ఆపేది ఒక్క రబ్బరు రింగే. మా దాంట్లో అదే చిట్లిపోయింది. తొందరలో మూతను చేత్తో నొక్కి మూసేవాళ్లం. అలా నొక్కితే లోపల ఒత్తిడి పెరిగి రింగ్ దెబ్బతింటుందట, మీరు ఆ పని చేయకండి.

అమ్మినతను డాంపర్‌కు వారంటీ లేదన్నాడు. డబ్బా మీద మూడేళ్లని పెద్దగా వేశారు. హింజ్‌లకు వర్తించదని లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది! చాలా కోపం వచ్చింది.

షాపులో చూసేటప్పుడు నిలువుగా ఉన్న మూతను వదిలి సరిపెట్టుకోకండి. మూత పడుకునే కొద్దీ ఇరుసు మీద బరువు పెరుగుతుంది. మంచి డాంపర్‌లో సందును అక్కడ ఇంకా సన్నగా చేస్తారు. నాసిరకంలో పైన నెమ్మదిగా వచ్చి చివర్లో జారి పడుతుంది. జానెడు ఎత్తులో, అంటే సుమారు 30 డిగ్రీల దగ్గర పట్టుకుని వదలండి. అక్కడి నుంచి కూడా మెల్లగా దిగితేనే తీసుకోండి. డాంపర్లు విడిగా దొరుకుతాయా అని కూడా అడగండి. మూతకొకటి, సీటుకొకటి ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి పెడితే పనిచేయదు.

మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే ఇవాళే హింజ్ కింద వేలితో తుడిచి చూడండి. జిగట తగిలితే ఆ మూత తీసి పక్కన పెట్టేయండి. కొత్తది దొరికేదాకా మేం మూత లేకుండానే వాడుతున్నాం.